ఎడారిలో ఆకులు రంగు మారే రోజులు: ఇంటిల్లిపాదీ అరిజోనా కొండదారి పట్టేముందు

అక్టోబరు మొదటి వారం వచ్చినా ఫీనిక్స్‌లో మధ్యాహ్నం పూట కారు స్టీరింగ్ చెయ్యి పెట్టనివ్వదు. వీధి చివరి సవారో కాక్టస్‌కి రాల్చడానికి ఆకులే లేవు. ఇలాంటి చోట ఉంటూ ఫాల్ కలర్స్ చూడటానికి వెళ్తున్నాం అంటే, "వెర్మాంట్‌కి టికెట్లు బుక్ చేశారా?" అని అడుగుతారు, ఆ రంగులంటే అందరికీ గుర్తొచ్చేది ఈశాన్య అమెరికాలోని ఆ రాష్ట్రమే. మేమూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాం. అదే వారంలో కారులో రెండున్నర గంటలు ఉత్తరానికి వెళ్తే ఫ్లాగ్‌స్టాఫ్ పైన కొండవాలు కొండవాలంతా పసుపు రాసినట్టు ఉంటుందని చూశాక, మా ఇంట్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా శనివారాలు ఇంకే పనికీ ఇవ్వడం లేదు.

పిల్లలతో, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో తిరిగి నేర్చుకున్నవి వరసగా రాస్తున్నాను.

1. తేదీ కంటే ముందు ఎత్తు చూసుకోండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఎడారిలో ఆకురాలు కాలం కొండ నెత్తి మీద మొదలై, మెట్టు మెట్టుగా కిందకి దిగుతుంది. వెయ్యి అడుగులు ఎక్కితే సుమారు 3 నుంచి 5 డిగ్రీల ఫారెన్‌హీట్ చల్లబడుతుంది. ఫీనిక్స్ 1,100 అడుగుల ఎత్తులో ఉంది, ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 7,000 అడుగుల్లో. ఫ్లాగ్‌స్టాఫ్‌ని ఆనుకుని లేచే హంఫ్రీస్ శిఖరం 12,633 అడుగులు. ఒకే రాష్ట్రంలో ఇంత తేడా ఉంది కాబట్టే ఇక్కడ రంగులు ఒక్క వారంలో అయిపోవు, రెండు నెలల పైనే నడుస్తాయి.

సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు మధ్య దాకా 8,000 అడుగుల పైన చూడాలి. ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర స్నోబౌల్ రోడ్డు పక్కనున్న ఆస్పెన్ కార్నర్ చిన్నపిల్లలకి సరిగ్గా సరిపోతుంది, కారు దిగిన కాసేపటికే చెట్ల మధ్యలో ఉంటారు. లాకెట్ మెడో ఇంకా అందంగా ఉంటుంది. కానీ అక్కడికి వెళ్లేది ఇరుకైన మట్టిరోడ్డు, ఒక పక్క లోయ, ఎదురు కారు వస్తే ఎవరో ఒకరు వెనక్కి తియ్యాలి. కొండరోడ్డు మీద డ్రైవింగ్ అంటే టెన్షన్ పడేవాళ్లు ఆస్పెన్ కార్నర్‌తో సరిపెట్టుకోండి, ఏమీ తక్కువ కాదు. టూసాన్ వైపు ఉండేవాళ్లకి మౌంట్ లెమ్మన్ ఉంది. కింద సవారోల మధ్య బయల్దేరిన కారు, 27 మైళ్లు ఎక్కేసరికి పైన్, ఫర్ చెట్ల అడవిలోకి వెళ్తుంది. దారిలో బేర్ వాలో అనే చోట మేపుల్ చెట్లు ఎర్రగా మారతాయి.

అక్టోబరు మూడో వారం నుంచి నవంబరు మొదటి వారం దాకా 5,000 అడుగుల ప్రాంతం. అంటే సెడోనా పైన ఓక్ క్రీక్ లోయ, అందులో వెస్ట్ ఫోర్క్ కాలిబాట. అరిజోనాలో ఒక్కటే చోటికి వెళ్లగలం అనుకునేవాళ్లకి నేను చెప్పేది ఇదే.

నవంబరు మధ్య నుంచి డిసెంబరు మొదటి వారం దాకా రంగు ఎడారి అడుగుకి దిగుతుంది. టూసాన్ అంచున సబీనో లోయలో కాటన్‌వుడ్, సైకమోర్ చెట్లు మారతాయి. ఫీనిక్స్‌కి తూర్పున గంట దూరంలో, సుపీరియర్ ఊరి దగ్గర బోయ్స్ థాంప్సన్ ఆర్బొరీటమ్ ఉంది. 1924లో మొదలైన ఈ తోట ఎత్తు సుమారు 2,400 అడుగులు. ఇక్కడ ఎర్రబడేవి చైనా నుంచి తెచ్చి నాటిన పిస్తాష్ చెట్లు. స్థానిక చెట్లు కావు కదా అని తీసిపారేయకండి. కాక్టస్ వెనక నిప్పు రంగు చెట్టు నిలబడి ఉండటం ఇంకెక్కడా సులభంగా దొరకదు.

ఇవి సగటు రోజులు. వానల్ని బట్టి, చలి ఎప్పుడు మొదలైందన్నదాన్ని బట్టి వారం అటూ ఇటూ అవుతాయి. బయల్దేరే ముందు అటవీ శాఖ వెబ్‌సైట్ తప్పక చూడండి. ఫ్లాగ్‌స్టాఫ్ కొండల్లో 2022 జూన్‌లో పైప్‌లైన్ ఫైర్ అనే పెద్ద కార్చిచ్చు రేగింది. అలాంటివి జరిగితే దారులు చాలాకాలం మూసేస్తారు. ఒకవేళ ఆదివారం గట్టిగా గాలులు వీస్తాయని వాతావరణ సూచన ఉంటే శనివారమే వెళ్లండి. పండిన ఆకుల్ని ఒక్క రాత్రి గాలి ఊడ్చేస్తుంది.

2. ఏ చెట్టు చూడబోతున్నారో పిల్లలకి ముందే చెప్పండి

ఊరికే చెట్లు చూడటానికి వెళ్తున్నాం అంటే ఎనిమిదేళ్ల పిల్లవాడు కారు ఎక్కడు. వెతకడానికి ఏదో ఒకటి ఇవ్వాలి.

ఫ్లాగ్‌స్టాఫ్ కొండల మీద పసుపుగా మారే చెట్టు పేరు ఆస్పెన్, దాని ఆకు కోసం చూడమనండి. మన రావి ఆకు గుర్తుంది కదా, గాలి ఆడనట్టు అనిపించినప్పుడు కూడా గలగలమంటూ ఊగుతుంది. ఆస్పెన్ కూడా అంతే. రాలిన ఆకు ఒకటి తీసి దాని తొడిమని వేలి కొసల మధ్య అటూ ఇటూ తిప్పి చూడమనండి. గుండ్రంగా ఉండదు, పలకలా నొక్కుకుపోయి ఉంటుంది. అందుకే చిన్న గాలికి కూడా నిలవలేక వణుకుతుంది. అలాంటి ఆకులు కొన్ని వేలు ఒకేసారి తళతళలాడితే కొండ మీద నాణేలు గుమ్మరించినట్టే ఉంటుంది. చెట్టు బెరడు మీద అరచెయ్యి పెడితే తెల్లటి పొడి అంటుకుంటుంది. మా అమ్మాయి మొదటిసారి ఆ పొడి ముక్కుకి రాసుకుని విభూతి అంది.

ఇంకో ఆట ఉంది. దూరంగా ఉన్న కొండవాలు చూపించి, ఒకే రంగులో ఉన్న గుంపులు ఎన్నో లెక్కపెట్టమనండి. ఒక గుంపు ముదురు బంగారం, పక్కది ఇంకా ఆకుపచ్చే, దాని పక్కది నారింజ. ఆస్పెన్ చెట్లు వేళ్ల నుంచి పిలకలు వేసి పెరుగుతాయి, అరటి పిలకల్లాగే. పైకి వందల చెట్లు కనిపించినా కింద వేరు ఒకటే కాబట్టి గుంపు గుంపంతా ఒకే రోజుల్లో రంగు మారుతుంది. పక్క రాష్ట్రం యూటాలోని ఫిష్‌లేక్ అడవిలో పాండో అనే ఆస్పెన్ గుంపు 106 ఎకరాలు పరుచుకుని ఉంది. దాదాపు 47,000 కాండాలున్నా, అది ఒక్కటే ప్రాణి.

రంగు ఎందుకు మారుతుందని అడుగుతారు. పగలు చిన్నవవుతున్న కొద్దీ చెట్టు ఆకులోని పచ్చదనాన్ని తయారుచేయడం మానేస్తుంది. అడుగున ఎప్పటి నుంచో దాగి ఉన్న పసుపు అప్పుడు బయటపడుతుంది. ఎరుపు మాత్రం దాగి ఉన్నది కాదు, అప్పటికప్పుడు తయారయ్యేది. పగలు మంచి ఎండ కాసి, రాత్రి చల్లగా ఉంటే ఆకులో చక్కెర నిలిచిపోయి ఎరుపు బాగా ఎక్కుతుంది. కాటన్‌వుడ్, ఆస్పెన్ పసుపు. వెస్ట్ ఫోర్క్‌లోని బిగ్‌టూత్ మేపుల్ ఎరుపు.

ఎడారి అడుగున ఉండే కాటన్‌వుడ్ గురించి ఒక్క మాట చెప్పాలి, నాకు అన్నిటిలోకీ ఇష్టమైన చెట్టు అదే. ఎత్తయిన చోట నిలబడి నవంబరులో కిందకి చూస్తే గోధుమ రంగు నేల మీద పసుపు గీత ఒకటి వంకరటింకరగా పోతూ కనిపిస్తుంది. అది వాగు. పైన ఇసుక ఎండిపోయి ఉన్నా అడుగున నీళ్లున్నాయని ఆ చెట్లు చెబుతున్నాయన్నమాట. ఎడారిలో రంగు కావాలంటే నీళ్లు వెతకాలి.

3. ఇంట్లో చిన్న కాళ్లనీ, పెద్ద మోకాళ్లనీ బట్టి దారి ఎంచుకోండి

వెస్ట్ ఫోర్క్ దారి ఒకవైపు సుమారు 3.3 మైళ్లు. దాదాపు చదునుగానే ఉంటుంది కానీ వాగుని 13 సార్లు దాటాలి. అంటే వెనక్కి వచ్చేటప్పుడు మళ్లీ 13. చివరి దాకా వెళ్లి తీరాలని ఏమీ లేదు. మూడు నాలుగు సార్లు వాగు దాటేసరికే లోయ గోడలు దగ్గరకొచ్చి మేపుల్ చెట్లు మొదలవుతాయి. అయిదేళ్ల లోపు పిల్లలుంటే అక్కడే ఓ బండ చూసుకుని రెండు గంటలు కూర్చుని రండి. దారి ముగిసిన తర్వాత ముందుకెళ్లాలంటే నీళ్లలో దిగి నడవాలి, పిల్లలతో అది వద్దు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఉంటే ఆర్బొరీటమ్‌కి తీసుకెళ్లండి. బాట చక్కగా ఉంటుంది, మధ్యమధ్య కూర్చోవడానికి బెంచీలుంటాయి.

ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ, తాతయ్యలు విమానం దిగిన వారంలోనే 8,000 అడుగులు ఎక్కించకండి. 1,100 అడుగుల నుంచి రెండున్నర గంటల్లో అంత ఎత్తుకి వెళ్తే గట్టి మనుషులకి కూడా తలనొప్పి, ఆయాసం రావచ్చు. బీపీ, గుండె మందులు వాడేవాళ్లయితే డాక్టర్‌ని అడిగాకే. పైన ఎవరికైనా తల పట్టేసినట్టు, వికారంగా ఉంటే ఇంకాసేపట్లో తగ్గుతుందిలే అని కూర్చోవద్దు, కిందకి దిగిపోండి. దిగడమే దానికి మందు.

4. తెల్లారగట్ల బయల్దేరండి

మేము వెస్ట్ ఫోర్క్‌కి మొదటిసారి వెళ్లింది అక్టోబరు చివరి శనివారం, పదకొండింటికి. పార్కింగ్ నిండిపోయి రోడ్డు మీద కార్లు బారులు తీరి ఉన్నాయి. గంట పైగా ఆగాం. లోపలికి వెళ్లేసరికి పిల్లలు తెచ్చినవన్నీ కారులోనే తినేసి, నిద్రకొచ్చి, మొదటి వాగు దగ్గరే మొండికేశారు. ఆ రోజు మేము చూసింది మొదటి అర మైలే.

ఇప్పుడైతే ఫీనిక్స్‌లో నాలుగున్నరకల్లా పిల్లల్ని నిద్రలోనే కారులో పడుకోబెట్టుకుని బయల్దేరుతున్నాం. గేటు తెరిచే వేళ ముందురోజే చూసుకుని ఆ సమయానికి అక్కడ ఉండాలి. కుదిరితే వారం మధ్యలో ఒక రోజు సెలవు పెట్టండి. వెస్ట్ ఫోర్క్‌లో పార్కింగ్‌కి విడిగా డబ్బు కట్టాలి, సెడోనా చుట్టుపక్కల చెల్లే రెడ్ రాక్ పాస్ ఇక్కడ చెల్లదు. అమెరికాలో నాలుగో తరగతి చదివే పిల్లలు ఇంట్లో ఉంటే, జాతీయ పార్కుల్లాంటి చోట్ల కుటుంబానికంతటికీ ఎంట్రీ ఫీజు లేకుండా చేసే పాస్ ఒకటి ఆ ఏడాదికి ఉచితంగా వస్తుంది. ఈ సీజన్‌లో జయన్, గ్రాండ్ క్యాన్యన్ జాతీయ పార్కులకి కూడా వెళ్లే ఆలోచన ఉంటే తీసుకుని పెట్టుకోండి.

పొద్దున్నే వెళ్లడానికి వెలుతురు కూడా ఒక కారణం. లోయ గోడలు ఎత్తు కాబట్టి ఎండ అడుగుకి ఆలస్యంగా దిగి, త్వరగా వెళ్లిపోతుంది. నీడలో మొదలుపెట్టి, ఇరుకు భాగానికి చేరేసరికి ఎండ నెత్తి మీదకి వచ్చేలా చూసుకోండి. అప్పుడు ఎర్ర రాతి గోడ మీద పడిన వెలుగు తిరిగొచ్చి ఆకుల మీద పడుతుంది. ఎండ మీ వీపు వైపు ఉంటే ఆకు రంగు మామూలుగా ఉంటుంది. అదే చెట్టు కిందకి వెళ్లి, ఎండకి ఎదురుగా తలెత్తి చూడండి. ఆకు లోపల దీపం పెట్టినట్టు ఈనెలతో సహా కనిపిస్తుంది. ఫోటో తీసినా అటు నుంచే తీయండి.

5. సంచిలో ఏం ఉండాలి

నీళ్లు. పెద్దవాళ్లకి తలా రెండు లీటర్లు, పిల్లలకి తలా ఒక లీటరు, కారులో ఇంకో పెద్ద క్యాన్. చల్లగా ఉంది కదా, ఇంత ఎందుకు అనిపిస్తుంది. ఎడారి గాలి చెమట పట్టగానే ఆర్చేస్తుంది కాబట్టి ఒంట్లో నీరు పోతున్నట్టే తెలియదు. సాయంత్రం నల్ల టీషర్ట్ విప్పి చూస్తే వీపు మీద తెల్లటి ఉప్పు చారలు కనిపిస్తాయి, పోయిందంతా అక్కడ ఉంటుంది. వయసు మళ్లినవాళ్లకి దాహం సరిగా తెలియదు, దారిలో బాత్రూమ్ ఉండదని మా అమ్మ అసలు తాగడమే మానేసేది. గంటకోసారి మీరే సీసా చేతికివ్వండి, బయల్దేరే చోట టాయిలెట్లు ఎక్కడున్నాయో ముందే చూపించండి. సగం నీళ్లు అయిపోతే ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. వాగు నీళ్లు ఎంత తేటగా కనిపించినా తాగకూడదు.

బట్టలు పొరలుగా వేసుకోవాలి. ఫ్లాగ్‌స్టాఫ్‌లో అక్టోబరు తెల్లవారుజామున నీళ్లు గడ్డకట్టే చలి ఉండొచ్చు, మధ్యాహ్నానికి టీషర్ట్ చాలు. లావుపాటి కోటు ఒకటి కాకుండా, పల్చటివి మూడు వేసుకుంటే ఒక్కొక్కటే విప్పుకుంటూ పోవచ్చు. వాగు దాటే దారికి మనిషికి రెండు జతల సాక్సులు, ప్లాస్టిక్ కవర్లో కట్టి. చెప్పులు వద్దు, అడుగు భాగం పట్టున్న షూ కావాలి. అడవుల్లో ఇది వేట కాలం కూడా కాబట్టి పిల్లలకి నారింజ లాంటి కొట్టొచ్చే రంగు చొక్కా వేయండి.

ఒక దువ్వెన పెట్టుకోండి. ఎడారి అడుగున చోయా అనే కాక్టస్ ఉంటుంది, దాని ముక్కలు తగిలీ తగలగానే అంటుకుపోతాయి. చేత్తో లాగితే చెయ్యి కూడా పోతుంది. దువ్వెన పళ్లని ముక్కకీ చర్మానికీ మధ్య దూర్చి, ఒక్క విసురు విసరండి. మిగిలిన ముళ్లు పట్టకారుతో తీయొచ్చు.

తిండి విషయంలో మాకు కుదిరింది పులిహోర. చల్లారినా బాగుంటుంది, పోయిన ఉప్పు కూడా తిరిగొస్తుంది. ఉడతలకి మాత్రం ఏమీ పెట్టకండి. తినేశాక నారింజ తొక్కలు కూడా వెనక్కి తెచ్చేయండి, ఈ పొడి నేలలో అవి కుళ్లవు.

ఓక్ క్రీక్ లోయలో ఫోన్ సిగ్నల్ ఉండదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంకొకరికి మెసేజ్ పెట్టి బయల్దేరండి.

6. దారిలో

వాగు దాటేటప్పుడు పెద్దవాళ్లలో ఒకరు ముందు, ఒకరు వెనక, పిల్లలు మధ్యలో. తడిసిన రాయి కంటే తడి ఆకులు పరిచిన రాయి ఎక్కువ జారుతుంది. చేతికి కర్ర ఉంటే లోతు చూసుకుని అడుగు వేయొచ్చు. రాయి కదులుతున్నట్టుంటే దాని మీద దూకేకంటే, చీలమండ లోతు నీళ్లలో నడిచిపోవడమే మేలు. తడిసేది సాక్సే కదా.

పిల్లలకి కచ్చితంగా గుర్తుపట్టడం నేర్పాల్సిన మొక్క పాయిజన్ ఐవీ. వెస్ట్ ఫోర్క్ దారి పక్కన ఉంటుంది, ఈ కాలంలో అన్నిటికంటే ముందు ఎర్రబడి, కోసుకోవాలనిపించేంత ముద్దుగా ఉంటుంది. మారేడు దళంలా ఒక కాడకి మూడు ఆకులు, మధ్య ఆకు కాడ కాస్త పొడుగు. తాకితే దురద, పొక్కులు. మూడు ఆకులుంటే ముట్టుకోవద్దు అని కారులోనే రెండు సార్లు చెప్పించండి. తగిలిందని అనుమానం వస్తే వెంటనే సబ్బుతో కడగాలి. దాని జిడ్డు బట్టలకీ షూ లేసులకీ పట్టి ఉంటుంది, ఇంటికొచ్చాక అవి కూడా విడిగా ఉతకండి.

ఇక్కడ అధికారికంగా వానాకాలం సెప్టెంబరు 30తో అయిపోతుంది. అయినా లోయలోకి వెళ్లే రోజు వాన సూచన ఉంటే ఇంకో రోజు వెళ్లండి. మీ నెత్తి మీద ఆకాశం నీలంగా ఉన్నా, ఎక్కడో పైన పడిన వాన వరదై రావచ్చు. తేటగా ఉన్న వాగు ఉన్నట్టుండి మట్టి రంగుకి తిరిగినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తున్నా, పైనుంచి హోరు వినిపించినా సామాను వదిలేసి గట్టు ఎక్కండి.

ఆస్పెన్ బెరడు మీద పేర్లు చెక్కి ఉండటం చూసి పిల్లలు మేమూ రాస్తాం అంటారు. ఆ బెరడు చాలా పల్చన, అందులో కూడా పచ్చదనం ఉండి చెట్టుకి తిండి తయారుచేస్తుంది. గీసిన చోట నుంచి బూజు తెగులు పట్టి చెట్టే చచ్చిపోవచ్చు. మా వాళ్లకి బదులుగా ఒక కాగితం, మైనపు రంగు పెన్సిల్ ఇచ్చాం. రాలిన ఆకు మీద కాగితం పెట్టి రుద్దితే ఈనెలన్నీ అచ్చు పడతాయి. జాతీయ పార్కుల్లో రాలిన ఆకు కూడా తీసుకెళ్లకూడదు కాబట్టి, ఆకు అక్కడే వదిలేసి అచ్చు మాత్రం తెచ్చుకోవచ్చు.

వెనక్కి తిరగాల్సిన గంట బయల్దేరేటప్పుడే నిర్ణయించుకోండి. నవంబరు మధ్యలో ఫీనిక్స్‌లో సాయంత్రం 5:30 లోపే పొద్దు గూకుతుంది, లోయలో అంతకంటే చాలా ముందే చీకటి పడుతుంది. మనిషికో చిన్న టార్చ్ ఉండాలి, ఫోన్ లైట్ మీద ఆధారపడొద్దు.

7. వెళ్లేసరికి రాలిపోయి ఉంటే

ఇది అందరికీ ఒకసారి జరుగుతుంది. లాకెట్ మెడో చేరేసరికి కొమ్మలు బోడిగా, నేల మాత్రం పసుపుగా ఉంటుంది. అప్పుడు ఇంటికి తిరిగేముందు ఫోన్‌లో ఎత్తు చూడండి. అక్కడ 8,600 అడుగులు. ఆస్పెన్‌లు పూర్తిగా రాలిపోయాయంటే 5,000 అడుగుల దగ్గర మేపుల్ చెట్లు మొదలవుతుంటాయి, వచ్చే శనివారానికో ఆపై శనివారానికో వెస్ట్ ఫోర్క్ పెట్టుకోండి. అదీ తప్పిపోతే నవంబరు చివర వచ్చే థ్యాంక్స్‌గివింగ్ సెలవుల్లో సబీనో లోయ, ఆర్బొరీటమ్ ఉన్నాయి. డిసెంబరు మొదటి వారంలో కూడా పిస్తాష్ చెట్ల కింద దుప్పటి పరుచుకుని భోజనం చేసినవాళ్లం మేము, పైన ఎర్రటి ఆకులు, వాటి సందుల్లోంచి వెనకున్న సవారోలు కనిపిస్తూ ఉండగా.